ఈజిప్టు తాయెత్తుల్లో అమున్ కంటే బెస్ ఎందుకు ఎక్కువ?

గోదావరి_గట్టు
నేను యూరప్‌లో ఉంటున్నాను. పోయిన నెల ఇక్కడి ఒక మ్యూజియంలో ప్రాచీన ఈజిప్టు గదికి వెళ్ళినప్పుడు ఒక గాజు బీరువా ముందు దాదాపు గంటసేపు నిలబడిపోయాను. అందులో నీలం, ఆకుపచ్చ రంగుల్లో చిన్న చిన్న దేవతా బొమ్మలు ఉన్నాయి. ఏదీ నా బొటనవేలి కంటే పొడవు లేదు, ప్రతిదానికీ వెనక తాడు దూర్చే రంధ్రం ఉంది. ఆశ్చర్యం కలిగించిన విషయం ఏమిటంటే, వాటిలో ఎక్కువ భాగం నాలుక బయటపెట్టిన గడ్డం మరుగుజ్జు, నిండు గర్భంతో నిలబడిన నీటిగుర్రం, ఇంకా గడ్డం లేని బట్టతల మరుగుజ్జు మాత్రమే. అమున్, ఒసిరిస్ వంటి పెద్ద దేవతలు ఒకటి రెండు చోట్ల తప్ప కనబడలేదు. పక్కనున్న చీటీలో "తాయెత్తు, ఫయాన్స్" అని తప్ప ఒక్క ముక్క ఎక్కువ లేదు. వేల ఏళ్ళు గొప్ప గుడులు కట్టిన జాతి మెడలో మాత్రం ఈ వికారపు రూపాలను ఎందుకు కట్టుకుంది? రెండో సందేహం కూడా ఉంది. చిన్నప్పుడు మా అమ్మ నాకు కట్టిన తాయెత్తు మీద ఏ బొమ్మా లేదు, లోపల చుట్టిన రాగిరేకు మాత్రం ఉండేది. ఈజిప్టువాళ్ళ నమ్మకంలో రక్షణ ఇచ్చేది బొమ్మా, మంత్రమా?

రాతిపలక
మీరు చూసిన గడ్డం మరుగుజ్జు పేరు బెస్, నీటిగుర్రం పేరు తవెరెత్. ఇద్దరూ ప్రసవ సమయంలో తల్లినీ, పుట్టిన తరవాత బిడ్డనూ కాపాడే దేవతలు. పురిటిలో తల్లీ బిడ్డా ఇద్దరూ బతకడం ఎంతో అనిశ్చితంగా ఉన్న కాలంలో, ఏ ఇంట్లోనైనా అత్యవసరంగా పిలవవలసిన దేవతలు వీరే. కర్నాక్ గుడిలోని అమున్ మూలవిగ్రహాన్ని పూజారులు మూసిన తలుపుల వెనక సేవించేవారు, మామూలు మనిషి ముంగిలి దాటి లోపలికి వెళ్ళే అవకాశమే లేదు. బెస్ మంచం కోళ్ళ మీద, తలగడ దిమ్మల మీద, అద్దం పిడుల మీద ఇల్లంతా ఉండేవాడు. అక్నటెన్ రాజు సూర్యబింబ దేవుడైన ఏటెన్‌ను తప్ప మిగతా దేవతలను పక్కకు నెట్టి కట్టించిన అమర్నా నగరంలోని ఇళ్ళలో కూడా బెస్, తవెరెత్ తాయెత్తులు దొరికాయి. రాజు మతం మారినా పురిటి గది మారలేదు.

మాచర్ల_మాస్టారు
"వికారపు రూపాలు" అనే మాటతో నేను ఏకీభవించలేను. ఈజిప్టు చిత్రాల్లో దేవతలు, మనుషులు దాదాపు అందరూ పక్కకు తిరిగి ఉంటారు, బెస్ మాత్రం ముఖం నేరుగా మనవైపు తిప్పి ఉంటాడు. సింహపు జూలు, బయటపెట్టిన నాలుక, కొన్నిసార్లు చేతిలో కత్తి లేదా డప్పు ఉంటాయి. బిడ్డ దగ్గరికి వచ్చే కీడును ఎదురుగా నిలిచి బెదరగొట్టవలసినవాడు అందంగా ఉంటే పని జరగదు. మన పల్లెల్లో కట్టే కొత్త ఇంటి మీద కోరలు, నాలుక చాపిన దిష్టిబొమ్మ ముఖాన్ని ఎవరూ వికారమని తీసెయ్యరు కదా.

ఇంకొక సవరణ. గడ్డం లేని బట్టతల రూపం బెస్ కాదు, అతన్ని పటాయికోస్ అంటారు. శిల్పులకు అధిదేవత అయిన ప్టా దేవుడి మరుగుజ్జు రూపంగా భావిస్తారు, తరచుగా మొసళ్ళ మీద నిలబడి ఉంటాడు. ఫినీషియన్లు తమ ఓడల ముందు భాగాన ఇటువంటి బొమ్మలను పెట్టుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు.

స్వర్ణకారి_భీమవరం
చీటీలో ఉన్న ఫయాన్స్ అనే మాటను దాటి వెళ్ళకండి, నాకు అందులోనే అసలు విషయం కనబడుతోంది. అది మట్టి కాదు. మెత్తగా నూరిన పలుగురాయి పొడిలో కొంచెం సున్నం, నేట్రాన్ అనే ఉప్పు లేదా మొక్కల బూడిద, రంగుకు రాగి కలిపి, తడిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దను కాల్చిన మట్టి అచ్చులోకి వేలితో ఒత్తుతారు. ఆరేటప్పుడు లోపలి లవణాలు నీటితో పాటు పైకి వచ్చి పొరగా పేరుకుంటాయి, సుమారు 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆ పొరే కరిగి మెరిసే గాజుపూత అవుతుంది. అంటే పూత బయటి నుంచి పూసినది కాదు, వస్తువు లోపలి నుంచి పుట్టినది. ఈజిప్టు భాషలో దీన్ని "చెహెనెత్" అనేవారు, ఆ మాటకు మెరిసేది అని అర్థం. రాయి పొడి తనంతట తాను వెలుగు తొడుక్కుంటే, దానికి ప్రాణం వచ్చిందని చూసినవాళ్ళు అనుకోవడంలో వింత లేదు.

అమర్నాలో 1891-92లో పురావస్తు పరిశోధకుడు పెట్రీ తవ్వినప్పుడు ఇటువంటి అచ్చులు వేల కొద్దీ దొరికాయి. మా నాన్నగారి దగ్గర నేను మొదట నేర్చుకున్నది కాసులపేరుకు లక్ష్మీ బొమ్మ అచ్చు కొట్టడం, కాబట్టి ఇది నాకు సొంత విషయంలా అనిపిస్తుంది. ఒక అచ్చు మంచిగా కుదిరితే వంద ఇళ్ళకు అదే దేవత వెళ్తుంది. గోదావరి_గట్టు గారి ప్రశ్నకు ఇందులోనూ కొంత జవాబు ఉంది: అచ్చుతో చవకగా తయారయ్యే వస్తువు మీద జనం అడిగే దేవతే ఎక్కువగా వస్తాడు.

తెల్లకాగితం
బొమ్మ కంటే పదార్థం, రంగు, మాట ఈ మూడూ ముఖ్యమని నేను అంటాను. చనిపోయినవారి కోసం రాసిన మంత్రాల సంకలనమైన మృతుల గ్రంథంలో 155వ అధ్యాయం ఒసిరిస్ వెన్నెముకగా భావించే జెద్ స్తంభం తాయెత్తు బంగారంతో ఉండాలని చెబుతుంది. 156వ అధ్యాయం ఒసిరిస్ భార్య ఐసిస్ పేరిట ఉన్న ముడి ఆకారపు తాయెత్తును ఎర్ర జాస్పర్ రాయితో చెయ్యమంటుంది, దాని మంత్రమే ఐసిస్ రక్తాన్ని పిలుస్తూ మొదలవుతుంది. రాత పత్రాలు చేసే పాపిరస్ మొక్క కాడ ఆకారపు తాయెత్తుకు ఆకుపచ్చ రాయిని చెబుతారు, ఎందుకంటే వారి భాషలో "వాజ్" అనే మాటకు పాపిరస్ అనీ, ఆకుపచ్చ అనీ, తాజాదనమనీ అర్థాలు ఉన్నాయి. గుండె మీద పెట్టే పేడపురుగు తాయెత్తు మీద 30వ అధ్యాయపు మంత్రాన్ని చెక్కేవారు. తీర్పు సమయంలో నా గుండే నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదని వేడుకోవడం అందులోని సారాంశం. వీటిలో ఏ ఒక్కదానికీ దేవుడి ముఖం లేదు, అయినా వీటిని మించిన తాయెత్తులు లేవు.

గోదావరి_గట్టు
ఎర్ర జాస్పర్, బంగారం కొనలేని మనిషి ఏం చేసేవాడు?

స్వర్ణకారి_భీమవరం
ఆ రంగు ఫయాన్స్‌తో చేయించుకునేవాడు. రాజావర్తం, అంటే లాపిస్ లాజులి, అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ నుంచి అంత దూరం రావాలి. పిరోజా, అంటే టర్కాయిస్ రాయిని సినాయ్ గనుల నుంచి తేవాలి, అక్కడి సెరాబిత్ అల్ ఖాదిమ్‌లో హాథోర్ దేవిని పిరోజా రాణి అనే పేరుతోనే కొలిచేవారు. ఆ రెండు రాళ్ళ రంగునూ రాగి కలిపిన పలుగురాయి పొడి ఇచ్చేది. దాన్ని నకిలీ అని వారు తక్కువగా చూసినట్టు లేదు, రాజుల సమాధుల్లో కూడా ఫయాన్స్ వస్తువులు ఉన్నాయి.

మాచర్ల_మాస్టారు
తెల్లకాగితం గారు చెప్పిన వివరాలు సరైనవే, కానీ ఆ అధ్యాయాలన్నీ మరణించినవారి కోసం రాసినవి. గర్భిణి మెడలోని తవెరెత్‌కు ఆ సూత్రాలను వర్తింపజేస్తే పొరపాటు జరుగుతుంది. బతికున్నవారు ధరించినవి వేరు, శవం కట్ల మధ్య పెట్టడానికే చేసినవి వేరు, రెండు చోట్లా కనబడేవి మరికొన్ని. పెట్రీ 1914లో ఈ తాయెత్తులను 275 రకాలుగా విడదీసినప్పుడు శవం మీద ఏది ఎక్కడ దొరికిందో కూడా శ్రద్ధగా నమోదు చేశాడు.

కాలాన్ని కూడా గమనించాలి. పాత రాజ్యకాలంలో పూర్తి దేవతా రూపాన్ని మెడలో వేసుకోవడం అరుదు. జంతువులు, శరీర భాగాలు, గుర్తులు ఎక్కువ. క్రీ.పూ. 1069 ప్రాంతంలో కొత్త రాజ్యం ముగిసిన తరవాతే ఐసిస్, థోత్, సెఖ్‌మెత్, నెఫర్తెమ్, ఖ్నుమ్ వంటి దేవతల బొమ్మలు పెద్ద ఎత్తున తాయెత్తులయ్యాయి. మీ బీరువాలోని వస్తువులు ఏ శతాబ్దానివో తెలిస్తే గాని "అమున్ ఎందుకు తక్కువ" అనే ప్రశ్నకు పూర్తి సమాధానం రాదు.

అమ్మమ్మ_పెట్టె
మీ అమ్మగారి రాగిరేకు మాట చదివాక నేను రాయకుండా ఉండలేకపోయాను. ఈజిప్టులో కూడా అచ్చంగా అటువంటిదే ఉండేది. కొత్త రాజ్యం ముగిసిన తరవాత వచ్చిన 22వ రాజవంశం నాటి సన్నని, పొడవైన పాపిరస్ పట్టీలు కొన్ని దొరికాయి. వాటి మీద ఒక గుడి దేవతలు ఫలానా వారి బిడ్డను ఫలానా ఆపదల నుంచి కాపాడతామని మాట ఇస్తున్నట్టు రాసి, గట్టిగా చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి బిడ్డ మెడలో వేసేవారు. అందులోని ఆపదల పట్టిక చదివితే ఆ తల్లి మనసు మనకు అర్థమవుతుంది: పాము, తేలు, కూలే గోడ, జబ్బు, చెడు చూపు, చివరికి ఆగ్రహించిన దేవతలు కూడా. అక్కడ బొమ్మ లేదు, పేరు ఉంది. ఏ బిడ్డ కోసం రాశారో ఆ బిడ్డ పేరు.

బెర్లిన్‌లో ఉన్న తల్లీబిడ్డల మంత్రాల పాపిరస్‌లో పూసలు గుచ్చిన దారానికి ఏడు ముడులు వేసి బిడ్డ మెడలో కట్టమని ఉంది. మా అమ్మమ్మ జ్వరం వచ్చిన పిల్లలకు నల్లదారానికి ముడులు వేస్తూ పెదవులు కదుపుతూ ఉండేది. ఏమిటని అడిగితే చెప్పేది కాదు, బయటికి చెబితే పనిచేయదని అనేది. ఆమె పోయాక పెట్టెలో మిగిలిన దారపు ఉండ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కోటప్పకొండ
పోలిక బాగుంది, కానీ దీన్ని చదివి రేపు ఎవరో ఒకరు తాయెత్తు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళిందనో, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందనో రాస్తారు. దయచేసి అటువైపు వెళ్ళవద్దు. బిడ్డ మెడలో దారం కట్టాలని ఏ తల్లికైనా తోస్తుంది, అందుకు ఓడలు నడవనక్కరలేదు.

అమ్మమ్మ_పెట్టె
నేను అటువంటి వాదన చెయ్యలేదు, చెయ్యను కూడా.

నైలు_నేస్తం
ఓడల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెబుతాను. నిజంగా ఓడలెక్కి ప్రయాణించినవాడు బెస్. ఫినీషియన్ వర్తకులు అతన్ని మధ్యధరా సముద్రమంతా తిప్పారు. స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవి పేరు కూడా బెస్ పేరు నుంచే వచ్చిందని కొందరు పండితులు అంటారు.

పెద్ద దేవతలను ఎవరూ ధరించలేదని మాత్రం అనుకోకండి. పారిస్ లూవ్ర్‌లో 22వ రాజవంశపు రాజు రెండవ ఒసోర్కాన్ పేరున్న బంగారు పతకం ఉంది. సుమారు 9 సెంటీమీటర్ల ఎత్తులో, రాజావర్తపు దిమ్మ మీద ఒసిరిస్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటాడు, ఇరుపక్కలా భార్య ఐసిస్, కొడుకు హోరస్ నిలబడి అతని వైపు చెయ్యి ఎత్తి కాపాడుతుంటారు. రక్షించవలసిన దేవుడికే అక్కడ ఇద్దరు రక్షకులు ఉన్నారు. దాన్ని చూసినప్పుడు నాకు తాయెత్తు అంటే ఏమిటో మొదటిసారి తెలిసింది. అది దేవుడి ఫోటో కాదు, ఒకప్పుడు జరిగిన ఒక రక్షణను మళ్ళీ జరిపించడం. చనిపోయిన ఒసిరిస్‌ను ఐసిస్ కాపాడింది, చిత్తడి నేలల్లో దాచి హోరస్‌ను పెంచింది. ఐసిస్ హోరస్‌కు పాలు ఇస్తున్న బొమ్మ కట్టుకున్న బిడ్డ ఆ క్షణానికి హోరస్ అవుతాడు.

తెల్లకాగితం
ఈ మాటతో నా వాదనను కొంత మార్చుకుంటున్నాను. మంత్రాల్లో కూడా తేలు కుట్టిన బిడ్డను వైద్యుడు హోరస్ అనే పిలుస్తాడు. అయితే బొమ్మ కూడా ఒక వాక్యమే అన్నమాట.

లైడెన్‌లోని ఒక పాపిరస్ దీనికి మంచి ఉదాహరణ. సంవత్సరం చివర మిగిలే 5 రోజుల్లో సెఖ్‌మెత్ దూతలు రోగాలు తెస్తారని వారు భయపడేవారు. ఆ రోజుల్లో సన్నని నారబట్ట మీద దేవతల బొమ్మలు గీసి, మంత్రం చదివి, 12 ముడులు వేసి గొంతు దగ్గర కట్టుకోవాలని అందులో ఉంది. బొమ్మ, మాట, ముడి మూడూ ఒకే బట్టలో ఉన్నాయి. అది బట్ట కాబట్టి చిరిగిపోయింది, ఫయాన్స్ మిగిలింది. మ్యూజియం బీరువాలో మనకు బొమ్మ ఒక్కటే కనబడటానికి ఇది ముఖ్యమైన కారణం.

దోహా_దారి
నేను మూడేళ్ళ క్రితం లక్సర్ వెళ్ళినప్పుడు ఒక అంగడిలో బెస్ పతకం కొన్నాను. మూడు వేల ఏళ్ళ నాటిదని, తన తాత పొలంలో దొరికిందని అమ్మిన వ్యక్తి ప్రమాణం చేసి చెప్పాడు. ఇంటికి వచ్చాక చూస్తే రెండు సగాలను అతికించిన గీత చుట్టూ స్పష్టంగా ఉంది, లోపల ప్లాస్టిక్ వంటి పదార్థం బయటపడింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ రాత్రి హోటల్ గదిలో దాన్ని చేతిలో పెట్టుకుని ఏ తల్లి కట్టుకుందో అని ఆలోచించినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. కొనేవారు ఏం చూసి నమ్మాలో తెలిసినవారు చెప్పండి.

కోటప్పకొండ
అది నకిలీ కావడమే మీకు మేలు చేసింది. ఈజిప్టులో 1983 నాటి 117వ చట్టం ప్రకారం పురావస్తువుల వ్యాపారం, వాటిని దేశం దాటించడం నేరం. నిజమైనదే అయి విమానాశ్రయంలో దొరికితే పరిస్థితి వేరుగా ఉండేది. పురాతనమైనదని చెప్పి ఎవరైనా అమ్మితే, అది అబద్ధమైనా కొనకూడదు, నిజమైనా కొనకూడదు.

స్వర్ణకారి_భీమవరం
గీత చూసి పట్టుకోగలిగితే అది నాసిరకం నకిలీ. లక్సర్ ఎదురుగా ఉన్న కుర్నా గ్రామంలో 19వ శతాబ్దం నుంచే పనితనం ఉన్నవారు పేడపురుగు తాయెత్తులు చేసి యాత్రికులకు అమ్మారు, వాటిని గుర్తించడం పండితులకు కూడా కష్టమయ్యేది. అదే ఊళ్ళో కొత్త వస్తువుగా చెప్పి అమ్మే చేతిపనివారు ఉంటారు, వారి దగ్గర కొంటే వస్తువుకూ, మనిషికీ గౌరవం దక్కుతుంది.

రాతిపలక
కొనడం గురించి ఇంకొక మాట. తవ్వినచోటు తెలియని తాయెత్తు సగం మూగది. కైరో మ్యూజియంలోని ఒక కుర్రవాడి మమ్మీని చూడండి. 1916లో ఎడ్ఫు దగ్గర దొరికింది, వయసు 14, 15 ఏళ్ళు, సుమారు 2300 సంవత్సరాల నాటిది. ఎవరూ కట్లు విప్పలేదు. సీటీ స్కాన్ ద్వారా పరిశీలించి 2023లో వివరాలు ప్రచురించారు. శరీరం మీద, లోపల కలిపి 21 రకాలకు చెందిన 49 తాయెత్తులు ఉన్నాయి, వాటిలో చాలావరకు బంగారంవే. నోట్లో బంగారు నాలుక, ఛాతీ లోపల బంగారు పేడపురుగు ఉన్నాయి, తాయెత్తులు మూడు వరుసల్లో తీర్చి పెట్టి ఉన్నాయి. అదే మమ్మీని వందేళ్ళ క్రితం విప్పి ఉంటే 49 వస్తువులు 49 బీరువాలకు చేరేవి, ఆ వరుస ఎవరికీ తెలిసేది కాదు. ఎదగవలసిన కొడుకు కోసం ఒక్కొక్క అవయవానికీ వెతికి పెట్టిన శ్రద్ధ ఆ వరుసలోనే కనబడుతుంది.

పబ్లిక్_గార్డెన్స్
హైదరాబాద్‌లో ఉన్నవారు నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఉన్న ఈజిప్టు అమ్మాయి మమ్మీని చూసే ఉంటారు. ఆరో నిజాం అల్లుడు తెప్పించగా ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చారు. మొన్న మా మనవణ్ణి తీసుకువెళ్తే, ఆ అమ్మాయి ఒక్కతే ఇంత దూరం వచ్చిందా అని అడిగాడు. ఈ చర్చ చదివాక వాడికి చెప్పవలసిన జవాబు దొరికినట్టుంది.

అమ్మమ్మ_పెట్టె
వాడికి ఈ కథ కూడా చెప్పండి. ఒక పాపిరస్‌లో ఉంది. స్నెఫ్రు రాజు సరదా కోసం అమ్మాయిలు పడవ నడుపుతుంటే, ఒక అమ్మాయి జడలోని పిరోజా చేప బిళ్ళ చెరువులో పడిపోతుంది, ఆమె తెడ్డు వెయ్యడం ఆపేస్తుంది. రాజు వేరేది ఇస్తానంటే తనదే తనకు కావాలంటుంది. మంత్రవేత్త చెరువు నీటిని మడతపెట్టి, అడుగున ఉన్న చేపను తీసి ఇస్తాడు. పిల్లలు నీళ్ళలో మునిగిపోకుండా ఆ చేపను జడకు కట్టేవారని కొందరు భావిస్తారు. రాజు ఇచ్చే కొత్తదాని కంటే చిన్నప్పుడు ఎవరో కట్టిన పాతదే ఆమెకు ఎందుకు కావాలో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

గోదావరి_గట్టు
ఈ శనివారం మళ్ళీ ఆ బీరువా దగ్గరికి వెళ్ళాను. ఈసారి ముఖాలు కాకుండా రంధ్రాలు చూశాను. ఐసిస్, థోత్ బొమ్మల రంధ్రాల అంచులు చెక్కుచెదరలేదు, తాడు ఎన్నడూ రాపిడి పెట్టినట్టు లేదు. బెస్ బొమ్మల్లో రెండింటికి మాత్రం రంధ్రం పైఅంచు అరిగి దారమంత సన్నమైంది. ఒకదానికి అది తెగిపోయినట్టుంది, కింద ఇంకొక రంధ్రం తొలిచి ఉంది. అంటే దాన్ని పారేయలేదు, బాగు చేయించుకుని మళ్ళీ కట్టారు. మాచర్ల_మాస్టారు గారు చెప్పిన తేడా నాకు అక్కడ కళ్ళకు కనబడింది. కాలం వివరాలు కోరుతూ మ్యూజియం వారికి ఉత్తరం రాశాను.

స్వర్ణకారి_భీమవరం
కొత్తగా తొలిచిన రంధ్రం పక్క నుంచి పక్కకు ఉందా, ముందు నుంచి వెనక్కు ఉందా? ముందు నుంచి వెనక్కు ఉంటే దారానికి వేలాడినప్పుడు బొమ్మ పక్కకు తిరిగిపోతుంది.

గోదావరి_గట్టు
పక్క నుంచి పక్కకే ఉంది.

స్వర్ణకారి_భీమవరం
అయితే తొలిచినవారికి పని తెలుసు. ముఖం బయటికే ఉంచారు.